ముందు బండి వెనకాలే

ఆదివారం, రాత్రి

ఇవాళ వికారాబాద్ వైపు మట్టిబాటల్లో నా జీపు ఎక్కడా దిగబడలేదు. జీపుల టూర్ వాళ్ల గైడు ముందు బండిలో పోయాడు, మేమంతా మా జీపుల్లో వరసగా వెనక పోయాం. వాగు దగ్గర అలవాటుకొద్దీ లోతు చూద్దామని కర్ర పట్టుకుని దిగబోయాను. "సార్, దిగకండి. నా వెనక రండి, చాలు" అన్నాడు. కర్ర మళ్లీ సీటు కింద పెట్టేశాను. అది నా దోస్తు సలీంది.

ఇన్నాళ్లూ మా ఇద్దరి దారులూ వాడే వెతికేవాడు. పోయిన వానల్లో బురదలో ఇరుక్కున్నప్పుడు, "నీ తొవ్వలు నమ్మితే గిట్లనే అయితది. ఇంక నీతోటి రాను" అని అరిచాను. ఇవాళ వాడికి చెప్పకుండానే వెళ్లాను.

సాయంత్రం పాతబస్తీకి వచ్చాక, హుస్సేనీ ఆలంలో చాయ్ కొట్టు దగ్గర కలిశాడు. జీపుకున్న ఎర్రమట్టి చూసి నవ్వాడు.

"మస్తు తిరిగినట్టున్నవ్ భాయ్! ఏ తొవ్వల పోయినవ్? నన్ను గూడ తీస్కపో ఒకసారి."

పొద్దంతా నడిపింది నేనే. ఒక్క మలుపూ గుర్తు రాలేదు. నేను చూసిందల్లా ముందు బండినే.

"చూద్దాం తియ్" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. సగం చాయ్ వదిలేసి లేచాడు. వాణ్ని తీసుకెళ్లడం నాకిష్టం లేదనుకున్నాడు. నాకు దారి తెలియదు సలీం, అని ఒక్క మాట అంటే ఏం పోయేది...