ఎడమవైపు నట్లు

డ్రైవరమ్మకి,

ఈ పేరుతో నిన్ను పిలిచి రెండేళ్ళు దాటింది. కవరు మీద నా చేతిరాత చూడగానే చింపేస్తావో, చదివి చింపేస్తావో తెలియదు. చదివాకే చింపు. నీ పికప్ బండికి చక్రాలు వెతుకుతున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

బండి మన వడ్రంగి షెడ్డు వెనక, నువ్వు వదిలి వెళ్ళిన చోటే ఉంది. రాళ్ళ మీద ఒరిగిపోతుంటే జాకీ పెట్టి లేపి, చెక్క దిమ్మల మీద నిలబెట్టాను. బంపరు దాకా పెరిగిన గడ్డి రెండుసార్లు కోశాను. నీ సీటులో ఒక పిల్లి ఈనింది. పిల్లలు పెద్దవై ఎటో వెళ్ళిపోయాయి, తల్లి మాత్రం అప్పుడప్పుడు వచ్చి స్టీరింగు కింద పడుకుంటుంది. వారానికోసారి ఇంజను స్టార్టు చేస్తాను. కాసేపు దగ్గి, గురగురమని, ఆగిపోతుంది. ఈ ఇంట్లో నాకు జవాబు చెప్పే గొంతు అదొక్కటే. మన వంటింట్లో ఇద్దరికి వండే గిన్నె తప్ప చిన్నది లేదని నువ్వు వెళ్ళాకే తెలిసింది. పొద్దున వండింది సాయంత్రం కూడా తింటాను. కొత్త గిన్నె కొనొచ్చు. కొనబుద్ధి కాలేదు.

చక్రాల సంగతికి వస్తాను. ఈ మోడలు చెయ్యడం మానేసి చాలా కాలమైందట. ఇప్పటి చక్రాలకు ఐదు రంధ్రాలు, దీనికి ఆరు. చెప్పులరిగేలా తిరిగినా కొత్తవి దొరకలేదు. చివరికి నాకు చేతనైన పద్ధతిలో పోయాను. ప్లైవుడ్ ముక్కను గుండ్రంగా కోసి, బండి బోల్టుల మధ్య దూరం కొలిచి ఆరు రంధ్రాలు పెట్టాను. దాన్ని చంకలో పెట్టుకుని పాత ఇనుప కొట్లు, గ్యారేజీలు అన్నీ తిరుగుతున్నాను. ఎక్కడ చక్రం కనిపించినా దాని మీద ఆనించి చూస్తాను. టైర్ల కొట్టాయన నన్ను చూసి, "ఏంటి మేస్త్రీ, గోడ గడియారమా? ముళ్ళు ఎక్కడ పారేసుకున్నావ్?" అన్నాడు. కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులకి నవ్వాను.

బండి కింద స్టెప్నీ ఉంది కాబట్టి ఇంకో మూడు దొరికితే చాలు. రెండు దొరికాయి. ఇటుకల బట్టీలో నీళ్ళ ట్రాలీకి ఉంటే, వాళ్ళ ఆఫీసు గదికి తలుపు చేసిచ్చి తెచ్చుకున్నాను. మిగతాది ఒక్కటే. ఆ రోజు చక్రాలు ఊడదీసుకుపోయిన దొంగవెధవ ఎవడో గానీ, నేను లోపల రంపం మిషను మీద ఉండబట్టి చప్పుడు వినపడలేదు, లేకపోతే వాడి సంగతి చూసేవాణ్ణి. నాలుగూ సమకూరాక బండి తెచ్చి నీకు అప్పజెప్తాను. అది మీ నాన్నది, తర్వాత నీది. నాది ఎప్పుడూ కాదు.

ఉంటాను,
మేస్త్రీ

*

డ్రైవరమ్మా,

నీ జవాబు రాలేదు. రాకపోవడమే మంచిదయింది. జవాబు వచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసే ధైర్యం నాకు చచ్చినా వచ్చేది కాదు.

నాలుగో చక్రం దొరికింది. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఊరి చివర ఒక్కడే ఉంటాడు. ఆ చక్రాన్ని పడుకోబెట్టి, పైన పలక వేసి, టీ బల్లగా వాడుకుంటున్నాడు. నా ప్లైవుడ్ ముక్క ఆరు రంధ్రాల మీదా అతికినట్టు కూర్చుంది. డబ్బిస్తానంటే వద్దన్నాడు. "నాకు డబ్బెందుకయ్యా? దీని బదులు ఒక బల్ల చేసిపెట్టు. ఇక్కడే కూర్చుని చెయ్యి. మనిషి మాట విని వారమైంది" అన్నాడు. రెండు రోజులు ఆయన వరండాలోనే చిత్రిక పట్టాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. రెండో రోజు టీ ఇస్తూ అడిగాడు.

"అసలు నీ చక్రాలేమయ్యాయి?"

"దొంగలెత్తుకెళ్ళారండీ."

"నట్లు కూడానా?"

"లేదండీ, నట్లున్నాయి. ఎక్కడివక్కడే బోల్టులకి బిగించి ఉన్నాయి."

ఆయన గ్లాసు కింద పెట్టి నా మొహం చూశాడు. "ముప్పై ఏళ్ళు బండి తోలాను. చక్రాలు పీకేసి, నట్లు మళ్ళీ పద్ధతిగా బిగించి పోయే దొంగని చూళ్ళేదు" అన్నాడు. ఆ పైన ఇంకేం అడగలేదు. అడిగినా బాగుండేది. నేను తల వంచుకుని పలకకి మేకులు కొట్టుకున్నాను. ఒక దెబ్బ వేలి మీద కొట్టుకున్నాను కూడా.

దొంగ లేడు. నేనే విప్పాను.

మీ పిన్ని వాళ్ళ నర్సరీకి మొక్కలు తోలడానికి బండి వేసుకుని ఆర్నెల్లు వెళ్ళొస్తానన్నావు. మన షెడ్డుకి పనులు తగ్గాయి, నాలుగు రాళ్ళు వస్తాయి అన్నావు. అందులో తప్పేం లేదు. కానీ నువ్వు తిరిగి రావని నాకు నేనే తేల్చేసుకున్నాను. మామయ్య పోయాక ఈ ఇంట్లో నేను నీకు ఏమవుతానో నాకు తెలియలేదు. ఆయన పనివాడిగా వచ్చి, ఆయన అల్లుణ్ణయి, ఆయన రంపం పట్టుకున్నవాణ్ణి. ఆయన లేకపోతే నువ్వు నన్ను ఎందుకు ఉంచుకుంటావనే పిచ్చి భయం. ఆ భయం ఒక్కమాటలో చెప్పేస్తే సరిపోయేది. వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. నువ్వు ప్రయాణానికి సంచులు కొనడానికి బజారుకి వెళ్ళిన మధ్యాహ్నం బండి రాళ్ళ మీదికెక్కించి, నాలుగూ విప్పి, అటక మీద పలకల వెనక దాచాను. దొంగపనిలా ఉండాలని రాళ్ళు కూడా వంకరగా పెట్టాను. నట్లు మాత్రం చేతులు వాటంతటవే బిగించేశాయి. విప్పిన నట్టు విప్పిన చోటే ఉండాలని మామయ్య నేర్పిన అలవాటు.

బండి కదలకపోతే నువ్వూ కదలవనుకున్నాను. మర్నాడు నువ్వు పెట్టె పట్టుకుని బస్సుకి వెళ్ళిపోయావు. వారం తర్వాత పాత ఇనుము వాడు గేటు ముందు అరుస్తుంటే, ఆ చక్రాల్ని చూసే మొహం లేక నాలుగూ వాడి బండిలోకి ఎత్తేశాను. నేను చేసినదానికి సాక్ష్యం లేకుండా పోయిందనుకున్నాను. రెండేళ్ళుగా రోజూ ఆ బండి ఎదురుగానే ఉంది, అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది.

క్షమించమని అడగను. ఎల్లుండికి చక్రాలకి రంగు ఆరుతుంది. బండి నీ వాకిట్లో పెట్టి, తాళం నీ చేతికిచ్చి, నువ్వు వెళ్ళినట్టే బస్సెక్కి వచ్చేస్తాను. నీకు నా మొహం చూడాలని లేకపోతే తాళం పిన్ని చేతికిస్తాను. ఏ రోజు రమ్మంటావో ఒక్క ముక్క రాయి.

మేస్త్రీ

*

మేస్త్రీ గారికి,

మీ మొదటి ఉత్తరం చదివి చింపేశాను. మళ్ళీ అదే దొంగ, అదే రంపం మిషను. ఒళ్ళు మండిపోయింది. రెండోది చింపలేదు.

మీ బస్సు డ్రైవరు గారు రెండు రోజులకి కనిపెట్టినది నేను సంచులతో గేటు తీసిన నిమిషంలోనే కనిపెట్టాను. ఆయనకి నట్ల సంగతి వరకే తెలుసు. మన బండికి ఎడమవైపు నట్లు తిరగేసి, కుడివైపు వాటికి ఎదురు దిక్కున, తిప్పితేనే ఊడతాయని ఆయనకేం తెలుసు? అన్ని బళ్ళలాగే విప్పబోయి రెండు గ్యారేజీల వాళ్ళు బోల్టులు విరగ్గొట్టి, నాన్న చేత తిట్లు తిన్నారు. ఆ రోజు ఎడమవైపు ఒక్క బోల్టు మీద గీత కూడా లేదు. వాటిని ఎటు తిప్పాలో తెలిసినవాళ్ళం ముగ్గురం. నాన్న అప్పటికే లేడు. నేను బజారులో ఉన్నాను.

ఆ రాత్రి అన్నం పెడుతూ కూడా చూశాను, ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని. మీరు దొంగని తిట్టుకుంటూ తిన్నారు. నేనూ మొండిదాన్నే, అడగలేదు. మర్నాడు బస్టాండులో మూడు బస్సులు వదిలేశాను. మీరు వచ్చి "నేనే విప్పాను" అంటే చాలు, పెట్టె మీ చేతికిచ్చి వెనక్కి వచ్చేదాన్ని. పోవద్దని కూడా అనక్కర్లేదు. నాలుగోది ఆఖరి బస్సని కండక్టరు చెబితే ఎక్కాను. కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉన్నా రోడ్డు వైపు చూడాల్సి వస్తుందని అక్కడ కూర్చోలేదు. బండి ఆపినందుకు కాదు నాకు బాధ. నేను తిరిగి వచ్చే మనిషిని కానని అనుకున్నారు చూడండి, అదీ. ఆ ఇంట్లో మీరు నాకేమవుతారో తెలియలేదని రాశారు. నన్ను అడగకూడదూ?

పిన్ని వాళ్ళ వ్యాను నడుపుతున్నాను. నర్సరీ పైన ఒక గది ఇచ్చారు. సాయంత్రం మొక్కలకి నీళ్ళు పెట్టేవాళ్ళు వెళ్ళిపోయాక మాట్లాడే మనిషి ఉండడు. ఈ వ్యానుకి చక్రానికి ఐదు నట్లు, అన్నీ ఒకే వైపు తిరుగుతాయి. పంక్చరైన ప్రతిసారీ ఎడమవైపు వాటిని తిరగేసి తిప్పబోతాను. రెండేళ్ళయినా అలవాటు కాలేదు.

పాత చక్రాలు, రంగు వేశారు కదా అని నమ్మకండి. కొంత దూరం వచ్చాక ఆపి నట్లన్నీ ఒకసారి బిగించుకోండి. పిల్లిని సీటులోంచి దింపి మరీ బయల్దేరండి.

తాళం పిన్ని చేతికివ్వక్కర్లేదు, నాకే ఇవ్వండి. బస్సెక్కి వెళ్ళిపోతానన్నారు. ఇక్కణ్ణించి మన ఊరికి ఆదివారం బస్సు లేదు.

ఆదివారం రండి.

డ్రైవరమ్మ