పాపికొండలకు ముందు కోటిపల్లి రేవు

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం.

చెల్లెలు రాణికి అక్క సత్యవతి మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. నువ్వు, మరిదిగారు, అమ్మ, మన శ్రావణి కులాసాగా ఉన్నారని రోజూ ఫోనులో చూస్తూనే ఉన్నా, కాగితం మీద అడగకుండా ఉత్తరం మొదలుపెడితే అమ్మ ఒప్పుకోదు కనుక అడుగుతున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావా? నా గురించి మాత్రం బెంగ పడకండి. నేను బాగానే ఉన్నాను.

రోజూ మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోను చేస్తే శ్రావణి నీ పక్కనే ఉంటుంది. మెసేజ్ పెడితే నీకన్నా ముందు అదే చూస్తుంది. నువ్వొక్కదానివే చదవాల్సిన మాట ఉండి, మురమళ్ళ వెంకాయమ్మగారు సోమవారం సెలవు మీద ఊరికి వస్తుంటే ఆవిడ చేతికి ఇస్తున్నాను. ఖర్జూరాల డబ్బాలో పైనే పెట్టాను. మూత తీసేటప్పుడు పిల్లని దగ్గర ఉండనివ్వకు.

పాపికొండల ప్రయాణానికి శ్రావణి రానందని నువ్వు మొన్న వాయిస్ పెట్టావు చూడు, అప్పటి నుంచి నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మా మేడమ్ ఒక ముద్ద తిని గిన్నె పక్కకి జరిపి పెరుగు వేసుకుంది. మంచి మనిషి. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు. ఎండలు కూడా తగ్గుముఖం పట్టాయి. పని కష్టమేమీ కాదు, పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఇదిగో ఇలా శుక్రవారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిని పడుకున్నాక, వంటింట్లో నేనూ ఫ్రిజ్ చప్పుడూ మిగిలినప్పుడే ఏమీ తోచదు.

అసలు ఈ ప్రయాణం నా బుర్రలోకి ఎలా వచ్చిందో నీకు చెప్పలేదు. రెండు నెలల కిందట మేడమ్ వాళ్ళు వాదీకి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళారు. రెండు కొండల నడుమ నీళ్ళు పారే లోయని ఇక్కడ వాదీ అంటారు. కొండలు ఒట్టి రాయి, మేక మేయడానికి పరక లేదు. నీళ్ళు మాత్రం అడుగున రాళ్ళు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. అన్నం గిన్నెలు, బొగ్గులు, చాపలు మోసుకుని వెనకాల నడుస్తున్నాను. మేడమ్ మనవరాలికి మన శ్రావణి వయసే, పదకొండేళ్ళు. ఆ పిల్ల పాచి రాయి మీద కాలు జారి, వాళ్ళ అమ్మ ఎక్కడుందో కూడా చూడకుండా పక్కకి చెయ్యి చాపింది. వాళ్ళమ్మ ఎవరితోనో మాట్లాడుతూనే ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పి చూసుకోలేదే రాణీ. చెయ్యి అక్కడుంటుందని ఆ పిల్లకి తెలుసు. నేను గిన్నెలు దింపి కాసేపు కూర్చుండిపోయాను.

నేను కన్న శ్రావణి మాత్రం ఫోనులో “బాగున్నావా అమ్మా, తిన్నావా” అని రెండు మాటలని, “హోంవర్కుంది పిన్నీ” అంటూ ఫోను నీ చేతికిచ్చేస్తుంది. తప్పు దానిది కాదు. కానీ నాకూ అలా ఒక చోటుకి దాన్ని తీసుకెళ్ళాలనిపించింది. కొండలూ నీళ్ళూ ఉన్న చోటు మనకి మాత్రం లేదా అనుకున్నాను. కార్తీకంలో నెల రోజుల సెలవు దొరికిన రోజే లాంచీ వాళ్ళకి ఫోను చేసి నీకు, నాకు, దానికి మూడు టికెట్లు చెప్పేశాను. గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కి, కొండల నడుమ నుంచి వెళ్ళి, రాత్రికి ఇసుకతిప్ప మీద వెదురు గుడిసెల్లో ఉండి, మర్నాడు తిరిగి రావడం.

చెప్పాక మొదలైంది నాకు భయం. అక్కడ గోదావరి సన్నబడి రెండు పక్కలా కొండలు నిటారుగా లేస్తాయట. సన్నబడిందంటే ఆ నీళ్ళన్నీ లోతుకే పోయుంటాయి కదా? లైఫ్ జాకెట్లు పిల్లల కొలతలవి ఉంటాయా? పై అంతస్తులో పాటలూ డాన్సులూ పెడతారట, జనం అంతా ఒక పక్కకి చేరితే? ఇసుకలో తేళ్ళుంటాయా అని టికెట్ల ఆయన్ని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ “లేవండి మేడమ్” అన్నాడు. నాలుగోసారి అడిగితే “ఉంటే మేమే ముందు చెప్తామండి” అన్నాడు. దాంతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

ఇదంతా మరిదిగారితో అంటే ఆయన నవ్వారు. “గోదారొడ్డున పుట్టి గోదారికి భయపడతారేంటండీ వదినగారూ. మన రేవులో అడ్డంగా ఈదినోళ్ళం, ఆయ్” అన్నారు. మన రేవులో గోదావరి మన మనిషి. కొండల్లో దాని గుణమేమిటో మనకేం తెలుసు? అయినా అవన్నీ పైపై భయాలేనని ఇప్పుడు తెలుస్తోంది. అసలు భయం నువ్వు పెరట్లో నిలబడి గుసగుసగా పెట్టిన ఆ వాయిస్‌లో ఉంది.

“అక్కా, అది రానంటందే. నీళ్ళంటే భయమా అని అడిగేను, కాదంది. ఒంట్లో బాలేదేమో అని చెయ్యేసి చూసేను, జ్వరమూ లేదు. రెండ్రోజులు బతిమాలేను. నిన్న అమ్మతో అందంట, ‘అమ్మతో పడవెక్కను అమ్మమ్మా, ఆ రోజు నేను అయిదు పంట్లు చూసేను’ అని. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదే. చెప్పకుండా ఎలా ఉంటాను మరి.”

దాన్ని ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు.

మన వైపు నుంచి ఇటు వచ్చే ఆడవాళ్ళెవరూ పిల్లలకి నిజం చెప్పి బయల్దేరరు. గడప దాటేటప్పుడు ఏడుపు వినపడితే వెళ్ళిన పని అచ్చిరాదంటారు. వెంకాయమ్మగారు పిల్లాడు నిద్రలో ఉండగా వచ్చేశారట. ఇంకొకామె సంతకెళ్ళి జీళ్ళు తెస్తానని చెప్పి వచ్చింది. వచ్చిన కొత్తలో అందరం ఒకే గదిలో ఉన్నప్పుడు, ఎవరు ఏ అబద్ధం చెప్పామో చెప్పుకుని నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి. నేను అందరికన్నా తెలివైనదాన్ననుకున్నాను. మన ముక్తేశ్వరం రేవులో, అవతలి ఒడ్డు కోటిపల్లికి దాటించే పంటు మీదికి మోటారు సైకిళ్ళు ఎక్కిస్తుంటే, అయిదేళ్ళ పిల్ల గడ్డం పట్టుకుని, “కోటిపల్లి గుడికెళ్ళి ప్రసాదం తెస్తానమ్మా, మళ్ళీ ఇదే పంటులో వచ్చేస్తా, నువ్విక్కడే ఉండు” అన్నాను. నా బట్టల పెట్టె ముందు పంటులోనే దాటిపోయింది, దాని కంట పడకుండా. ఇక్కడే ఉండు అన్నాను. అది ఉంది.

ఆ సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి ఫోను చేస్తే “తినేసి ఆడుకుంటందే అక్కా, నువ్వేం బెంగెట్టుకోకు” అన్నావు. ఆరేళ్ళు ఆ మాట పట్టుకుని ఉన్నాను. పంటు వచ్చినప్పుడల్లా అది దిగేవాళ్ళ ముఖాలు చూసిందనీ, అయిదోది కూడా చూశాక నువ్వు ఎత్తుకుని ఇంటికి తెచ్చావనీ మొన్న నీ వాయిస్ వినేదాకా నాకు తెలీదు. నీ మీద కోపం లేదు. నిజం చెప్పి ఉంటే నేను విమానం ఎక్కలేకపోయేదాన్ని. మీ బావ పోయి ఏడాది కూడా కాలేదు అప్పటికి, ఎక్కక తప్పేదీ కాదు. మూడేళ్ళ కిందట సెలవుకి వచ్చినప్పుడు రావులపాలెం వంతెన మీదుగా కారులో గుమ్మం ముందే దిగాను. పిల్ల తలుపు వెనక నిలబడి చూస్తుంటే సిగ్గు అనుకున్నాను. వెళ్ళేటప్పుడూ అది బడికి పోయాక కారెక్కాను. చేసిన తప్పే మళ్ళీ చేశాను. ఇప్పుడు లోకంలో ఇన్ని ఊళ్ళుండగా వెతికి వెతికి దాన్ని పడవెక్కించాలని చూశాను. నాకేమైనా బుద్ధుందా?

అందుకని ఇలా అనుకుంటున్నాను. సరో కాదో చెప్పు. టికెట్లు రద్దు చేయించకు, అలాగే ఉండనీ. దాన్ని బతిమాలకు, తిట్టకు, కొత్త బట్టలు కొంటానని ఆశ పెట్టకు. వస్తే వస్తుంది. రాకపోతే నువ్వూ మరిదిగారూ వెళ్ళిరండి, నేనూ అదీ ఇంట్లో ఉంటాం. కొండలెక్కడికీ పోవు.

కానీ నేను వచ్చే రోజు మాత్రం రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా రాను. మరిదిగారిని వచ్చి పెట్టెలు మాత్రం కారులో వేసుకుని వెళ్ళమను. నేను ద్రాక్షారామం మీదుగా బస్సులో కోటిపల్లి వస్తాను. గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం తీసుకుని, పంటెక్కి మన రేవుకి వస్తాను. కార్తీకం కదా, గుడిలో జనం కిక్కిరిసి ఉంటారేమో. నీళ్ళు తగ్గి పంటు ఇసుక మేట మీద ఆగిపోతుందేమో. అదీ భయమే నాకు. అందుకే ముందు రోజే రాజమండ్రి చేరి పడుకుని, తెల్లవారగానే బయల్దేరుతాను. రేవులో వాళ్ళని అడిగి పొద్దున పంట్ల వేళలు నాకు రాసి పంపు.

ఆ పొద్దున దాన్ని రేవుకి తీసుకురాగలవా? రమ్మని అడుగు, అంతే. అమ్మ వస్తోందని చెప్పు. ఏ పంటులో వస్తోందో కూడా చెప్పు. రానంటే ఊరుకో, నేనే ఇంటికి నడిచి వస్తాను. ప్రసాదం మాత్రం దాని చేతికే ఇస్తాను, నువ్వు తీసుకోవద్దు.

ఇంకో మాట. ఈసారి తిరిగి ఏ తారీకున వెళ్తానో దానికి నేనే చెప్తాను, వచ్చిన మొదటి రోజే. ఏడిస్తే ఏడవనీ. నేనూ ఏడుస్తాను. పని అచ్చిరాకపోతే పోనీ అని ఇక్కడ కూర్చుని ధైర్యంగా రాస్తున్నాను గానీ, ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. అమ్మ ఒప్పుకోదు. నువ్వు కాస్త నచ్చజెప్పాలి. ఈ ఉత్తరం సంగతి మాత్రం పిల్లకి తెలియనీకు. నా నోటి నుంచే అది వినాలి.

వస్తే గనక, లాంచీలో దాని జాకెట్ తాళ్ళు నువ్వు కట్టు. నా చేత కట్టించుకుంటుందో లేదో. అమ్మ ఎర్ర దుప్పటి ఒకటి పెట్టుకో, కొండల్లో చలట. పులిహోర నేను కలుపుతాను, దానికి వేరుశెనగపప్పు ఇంకా ఇష్టమేనా? ఇప్పుడు ఏరి పక్కన పెట్టేస్తోందా? కన్నతల్లినై ఉండి ఇలాంటివి చెల్లెల్ని అడగాల్సి వచ్చింది. వెంకాయమ్మగారికి ఒక కాఫీ ఇవ్వకుండా పంపకు. నాకు మాత్రం పనసపొట్టు కూర వండి పెట్టు, ఇంకేమీ వద్దు. నేను బాగానే ఉన్నాను, బెంగ పడకండి.

అమ్మ పాదాలకు నా తరఫున దండం పెట్టి, నా కోసం కోటిపల్లి సోమేశ్వరుడికి మొక్కుకోమను. మీ అత్తగారికి నమస్కారాలు, మరిదిగారిని అడిగానని చెప్పు. నీకూ శ్రావణికీ నా ఆశీస్సులు. దాన్ని ఇన్నేళ్ళు పెంచినందుకు నీకు నేనివ్వగలిగింది ఏమీ లేదు, దండం పెడదామంటే చిన్నదానివైపోయావు.

నీ అక్క,
సత్యవతి.

కాగితం మడిచి మళ్ళీ విప్పాను. రేవుకి వస్తే గనక దాన్ని ఎక్కువసేపు నిలబెట్టకు. చూసి చూసి ఉంది అది. నన్ను వేళ అడిగి సరిగ్గా ఆ పంటుకే తీసుకురా. రెండోదాని కోసం చూడనివ్వను. అది చూసే మొదటి పంటులోనే ఉంటాను.