లోపలి జోళ్ళు

ఓటర్‌హెడ్,
జూన్ ఆఖరి శనివారం.

నాన్నకు,

నీ కూతురు హిల్యా రాస్తున్నది. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి ఆవిరిగదిలో కూర్చున్నంతసేపూ పోతుంది, బయటికి రాగానే తిరిగొస్తుంది. నువ్వు ఆ గనుల ఊళ్ళో వేళకు తింటూ, ఖనిజం లారీ జాగ్రత్తగా తోలుకుంటూ కులాసాగా ఉన్నావని అనుకుంటున్నాం. నల్లదోమలు వచ్చేశాయి. వాటికి మాత్రం మేమేమీ లోటు చేయడం లేదు.

అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. పడవకు తారు పూశాను. పొగగొట్టం తుడిపించాం. తాతయ్య పెట్టెలోని కరపత్రాలు అన్నంబల్ల దగ్గర చదవడం మానేశానా అని అడిగావు. మానలేదు. అమ్మే ఒకటి లాక్కుని వేడి గిన్నె కింద వేసింది. ఇప్పుడు కలప కూలీల ఎనిమిది గంటల పనిదినం మీద చేపల సూపు మరక గుండ్రంగా పడి ఉంది.

ఉత్తరం చివర ఒక్క వాక్యం రాశావు. సరస్సు రోడ్డు బస్సు సెప్టెంబరు నుంచి మళ్ళీ నడుస్తుందట కదా, తోలడానికి నన్ను రమ్మంటావా అని. బస్సు సంగతి నిజమే. బడి బోర్డు ఒప్పుకుంది, డ్రైవరు కోసం చూస్తున్నారు. రమ్మనడమా వద్దనడమా అన్నది చివర్న రాస్తాను. దానికి ముందు నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. చెప్పడానికి నాకే మనసు రావడం లేదు కాబట్టి బడి కబుర్లతో మొదలుపెడతాను.

గురువారంతో బడి మూసేశారు. బస్సు పిల్లలందరినీ అడిగావు. సీట్ల వరసలో అడిగావని అమ్మ కనిపెట్టింది. ముందు సీటు కవలలకి ఇద్దరికీ ఒకే వారంలో ముందు పళ్ళు ఊడాయి. నీ టోపీ లాక్కుని పరిగెత్తే ఆ పొడుగు పిల్ల గోనెసంచి పందెంలో గెలిచింది. వెనక సీటులో నిద్రపోయేవాడు ఈ ఏడంతా క్లాసులో నిద్రపోయాడు, అయినా పాసయ్యాడు. ఇక నీ వెనక సీటు, కిటికీ పక్కది. దాన్ని నువ్వు దాటేసి అటువైపు సీట్లకు వెళ్ళిపోయావు. వాడి గురించి నువ్వు అడగలేదు. అయినా రాస్తాను నాన్నా, ఎందుకంటే ఈ ఊళ్ళో అందరూ ఆ సీటును దాటేసే మాట్లాడుతున్నారు.

బడి ఆఫీసు పని నాదే కాబట్టి, ఏడాది చివర ఇళ్ళకు పంపే బడి సమాచార పత్రం ఈసారి కూడా నేనే టైపు చేశాను. పిల్లలు కోడిగుడ్లు పొదిగించిన సంగతి, లైబ్రరీకి కొత్త అలమరా, పాటల టీచరు రిటైరవడం, ఒకటో తరగతి పిల్లలందరూ బూట్ల లేసులు కట్టుకోవడం నేర్చుకున్నారన్న శుభవార్త. వీటన్నిటికీ పైన నేను నాలుగు వాక్యాలు చేర్చాను, ఆ కిటికీ సీటు వీల్యో పేరుతో. హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ హార్కిన్ వాటిని పెన్సిలుతో మెల్లగా కొట్టేసింది. ఆవిడ కఠినురాలు కాదు.

"పిల్లలు సంతోషంగా ఇంటికి పట్టుకెళ్ళే కాగితం ఇది, హిల్యా."

"వాడు ఇంటికి వెళ్ళలేదు కదా మేడమ్," అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. నా వాక్యాలు మాత్రం తిరిగి రాలేదు. లేసుల వాక్యం ఉండిపోయింది. 'పిల్లలందరూ' అన్న మాట టైపు చేసేటప్పుడు స్టెన్సిల్ కాగితం చిరిగేంత గట్టిగా కొట్టాను.

బోర్డు వాళ్ళు 'దురదృష్టకర సంఘటన' అంటున్నారు. నీకంతా తెలుసు. అయినా ఒకసారి దానికున్న అసలు మాటల్లో రాసుకుంటే తప్ప నా కోపం ఒక చోట నిలవదు. నవంబరులో పొదుపు పేరు చెప్పి సరస్సు రోడ్డుకి బస్సు ఆపేశారు. నువ్వు బస్సు తాళాలు వాళ్ళ బల్ల మీద పెట్టి ఉత్తరాన గనుల ఊరికి వెళ్ళిపోయావు. చిన్న బస్సు పిల్లల్ని పెద్ద రోడ్డు కూడలి దగ్గర దింపి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. వీల్యో వాళ్ళమ్మ సైమక్క ఆసుపత్రి బట్టలుతికే చోట పగటి షిఫ్టు ముగించుకుని, రోజూ ఆ కూడలికి వచ్చి కొడుకుని తీసుకెళ్ళేది. జనవరిలో మంచు తుపాను వచ్చిన రోజు ఊరివైపు రోడ్డు మూసేశారు. ఆమె రాలేకపోయింది. ఆరేళ్ళ వీల్యో కాసేపు చూసి, నడక మొదలుపెట్టాడు. మలుపు దగ్గర, నువ్వు రోజూ హారన్ కొట్టే చోట, మర్నాడు మంచు కింద దొరికాడు. దాన్ని దురదృష్టం అనేవాళ్ళకి పొదుపు అన్న మాట నోరు తిరగడం లేదు.

ఇప్పుడు జోళ్ళ సంగతి. మంచు బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి పిల్లలు బడిలో గుడ్డజోళ్ళు వేసుకుంటారు కదా. సాయంత్రం వాటిని కొక్కెం కింద వదిలేసి వెళ్తారు. వాడి కోటు, టోపీ, మంచు బూట్లు అన్నీ వాడితోనే వెళ్ళాయి. లోపలి జోళ్ళు మాత్రం బడిలో ఉండిపోయాయి. నీలం రంగువి, ముందు తెల్ల రబ్బరు. ఎవరూ వాటిని కదిలించలేదు, తీసేయమని ఎవరూ అనలేదు. ఆ కొక్కెం ముందు నుంచి వెళ్ళేటప్పుడు పిల్లలు గొంతు తగ్గించేవారు. ఒకటో తరగతి పిల్ల ఒకతె నా దగ్గరకు వచ్చి, రాత్రికి గోడవైపు ఉన్న జోళ్ళు పొద్దున్నకి గుమ్మంవైపు తిరుగుతున్నాయని చెప్పింది. నేను మందలించాను. దయ్యాలు లేవు, బోర్డులున్నాయి అన్నాను. ఆ పిల్లకి ఏం అర్థమైందో కానీ, మర్నాటి నుంచి పొద్దున్నే తలుపు తీయగానే నేను ముందు చూసేది ఆ జోళ్ళనే. తిరిగే ఉండేవి నాన్నా. నేల తుడిచేటప్పుడు కదులుతాయి, అంతే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. సెలవు రోజుల తర్వాత, ఎవరూ తుడవని పొద్దున కూడా అదే మాట చెప్పుకున్నాను.

మే నెలలో బోర్డు సమావేశానికి నేనూ వెళ్ళాను. అధికారుల ముందు వాదించకు, వాళ్ళు చేసింది తెచ్చి వాళ్ళ ముందు పెట్టు అని తాతయ్య కరపత్రం ఒకదానిలో ఉంది. ఆ జోళ్ళు తీసుకెళ్ళి వాళ్ళ పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాను. అధ్యక్షుడు తన మంచినీళ్ళ గ్లాసు కొంచెం తనవైపు జరుపుకున్నాడు, జోళ్ళు తాగేస్తాయన్నట్టు. నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం చదవనే లేదు. బస్సు మళ్ళీ నడపాలని ఓటు వేశారు. బయట జనం నా భుజం తట్టారు. ఇంటికి నడుస్తుంటే చరిత్ర నా వెనకే చప్పట్లు కొడుతూ వస్తోందనుకున్నాను. మర్నాడు జోళ్ళు మళ్ళీ కొక్కెం కింద పెట్టేశాను. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను.

గురువారం తల్లులంతా వచ్చారు. ఏడాదంతా పోయిన చేతితొడుగులు, టోపీలు, టిఫిన్ డబ్బాలు హాల్లో బల్లల మీద పరిచాం. ఎవరివి వాళ్ళు ఏరుకుంటున్నారు. సైమక్క పని బట్టల్లోనే వచ్చింది. హాలు దానంతటదే దారిచ్చింది. ఆమె బల్లల వైపు చూడలేదు. తిన్నగా కొక్కెం దగ్గరకు వెళ్ళి, పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద కూర్చుని, ఒక కాలి జోడు చేతిలోకి తీసుకుంది. లేసు కేసి చూసి నన్ను పిలిచింది.

"హిల్యా, ఇది వాడు కట్టిందేనా?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. తుపానుకి ముందు రోజు సాయంత్రం వాడు ఇంట్లో ఎగిరి గంతులేశాట్ట. ఈ రోజు నేనే కట్టుకున్నానమ్మా, ఎవరూ చెయ్యి వేయలేదు అన్నాట్ట. లోపలి జోళ్ళు ఇంటికి తేకూడదు కాబట్టి, ముడి విప్పకుండానే పాదం లాగేశాట్ట, నువ్వు బడికి వచ్చినప్పుడు చూద్దువుగాని అని. ఇన్నాళ్ళూ రావడానికి ఆమెకి కాళ్ళు ఆడలేదు. ఏడాది చివర తల్లులందరితో పాటైతే రాగలనేమో అనుకుందట.

ఆమె చేతిలోని జోడుకి రెండు చెవులూ సమానంగా, తెల్లగా, సీతాకోకచిలుకలా ఉన్న ముడి.

"అవును సైమక్కా," అన్నాను. "వాడు కట్టిందే."

నాన్నా, ఆ ముడి నేను కట్టింది.

బోర్డు సమావేశానికి వెళ్ళే ముందు జోళ్ళు మన వంటింట్లో పెట్టుకుని శుభ్రం చేశాను. రబ్బరుకి తెల్లసున్నం పూశాను. లేసులు మట్టికొట్టుకుని ఉన్నాయి. వాటి మీద ఎవడో గుప్పెట్లో పిసికినట్టు ఒక మొద్దు ముడి. వేళ్ళకి రాలేదు. ఫోర్కు పెట్టి పొడిచి పొడిచి విప్పాను. ఉతికి, ఇస్త్రీ చేసి, అందంగా కట్టాను. ఎందుకంటావా? ఆ టై కట్టుకున్న పెద్దమనుషులు ఆ మురికి చూసి, ఇదేం ఇల్లు, ఇదేం తల్లి అనుకుంటారని. కూలీల పక్షమని రొమ్ము చరుచుకునే నేను ఒక కూలీ బిడ్డ జోళ్ళు చూసి సిగ్గుపడ్డాను. వాడు ఈ లోకంలో సొంతంగా చేసి మిగిల్చిపోయింది ఆ ముడి ఒక్కటే. బోర్డు వాడి ప్రాణం తీసింది. ఆ ముడి నేను తీసేశాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. సైమక్క ఆ జోడు పట్టుకుని హాల్లో అందరికీ చూపించింది. ఎంత చక్కగా కట్టాడో చూడండి, చెబితే నేను నమ్మలేదు అంది. మిసెస్ హార్కిన్‌కీ చూపించింది. ఆవిడ ఆ కొక్కెం ముందు నుంచి రోజూ నడిచింది. పాత ముడి ఆవిడకి తెలుసు. నా వైపు ఒక్కసారి చూసి, చాలా బాగుందమ్మా అంది. సాయంత్రం సహకార దుకాణంలో రొట్టె కొనేచోట కూడా సైమక్క చూపించిందని అమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా బూట్ల లేసులు కట్టుకోబోతే వేళ్ళు ఆగిపోతున్నాయి. ఎవరో చిన్నవాడు పక్కన వంగి చూస్తున్నట్టుంటుంది. దయ్యాలు లేవని నేనే చెప్పాను. ఇది దయ్యం కాదు, వాడి పని పాడుచేసినందుకు వాడు చూస్తున్నాడు, అంతే.

ఇవాళ పొద్దున సైమక్క ఇంటికి నడిచే వెళ్ళాను. సరస్సు రోడ్డు పొడుగునా దోమలు. మలుపు దగ్గర ఎవరో చిన్న చెక్క శిలువ పాతారు, రాతి మీద నీలం పూలు ఎండిపోయి ఉన్నాయి. అక్కడ ఆగితే మళ్ళీ కదలలేనేమోనని ఆగలేదు. మలుపు దాటగానే వాళ్ళిల్లు; సైమక్క కాఫీ పెట్టి, ఏలకుల రొట్టె కోసింది. నోట్లో పెట్టుకోకముందే చెప్పేశాను. ఫోర్కు దాకా, సిగ్గు దాకా, అబద్ధం దాకా. బోర్డు ముందు మాట్లాడడానికి నాకు కరపత్రాలున్నాయి. ఆ వంటింట్లో ఒక్క వాక్యం కూడా దొరకలేదు, ముక్కలు ముక్కలుగా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"అసలుది ఎలా ఉండేది?"

"మొద్దుగా. ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి. ఊడకుండా మళ్ళీ మళ్ళీ చుట్టాడు."

"వాడంతే," అంది. మొహం కొంచెం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. జోళ్ళు ఒళ్ళో పెట్టుకుని నా ముడి కొస పట్టుకుని లాగింది. ఒక్క లాగుకే ఊడిపోయింది. రెండోది కూడా. "చూశావా, వాడిది ఇలా ఊడేది కాదు."

పాతదాన్లాగే కడదామని చెయ్యి చాచాను. నాకు గుర్తుంది, ప్రయత్నిస్తే వస్తుందేమో అన్నాను. ఆమె నా చేతిని పక్కకు తోసేసింది, కొంచెం గట్టిగానే.

"వద్దు. విప్పే ఉంచు. కట్టుకోవడం వాడికి వచ్చు కదా."

లేచి వెళ్ళి గుమ్మం లోపల పెట్టింది. బడిలో పెట్టినట్టే, బయటి నుంచి వచ్చినవాడు మంచు బూట్లు విప్పి తొడుక్కోవడానికి వీలుగా.

నేను బయల్దేరుతుంటే సైమక్క బస్సు సంగతి అడిగింది, మీ నాన్న వస్తున్నాడా అని. అడిగాడు, నేనింకా రాయలేదు అన్నాను.

"వస్తే, ఆ మలుపు దగ్గర హారన్ మానొద్దను. సెప్టెంబరు నుంచి నేను పొద్దుటి షిఫ్టుకి మారుతున్నాను. బస్సు వచ్చే వేళకి ఇంట్లోనే ఉంటాను."

ఇదే నాన్నా, చెప్పవలసింది. నిన్ను రమ్మని రాద్దామని కాగితం తీశాను, వద్దని రాద్దామనీ తీశాను. రెండూ చించేశాను. నువ్వు తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోయావని శీతాకాలమంతా నీ మీద లోపల మండిపడ్డాను. నేను చేసిన పనితో ఆ హక్కు పోయింది, నన్ను క్షమించు. ఒక్కటి మాత్రం తెలిసి రా. ఆ ఇంటి తలుపు తీసే ఉంటుంది, నీ సీటులోంచి జోళ్ళు కనిపిస్తాయి. హారన్ కొడితే ఒక తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. బస్సులోంచి ఎవరూ దిగరు. అది రోజూ చూడగలిగితే రా. అమ్మ నీ యూనిఫాం టోపీ ఎండలో పెట్టింది. నేను పెట్టమనలేదు.

ఇట్లు,
మలుపు దాటి ఇంటికి చేరిన నీ కూతురు,
హిల్యా