భూపాల్‌కి ఏ బీరు ఇష్టం

ఫిబ్రవరి 3, మంగళవారం

భూపాల్ సామాన్లు తీసుకెళ్లడానికి వాళ్లమ్మ బుచ్చవ్వ అడిక్‌మెట్‌లో వాడి రూమ్‌కి వచ్చింది. మొన్న గురువారం వాణ్ని లారీ గుద్దింది, అక్కడికక్కడే పోయాడు. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. మంచం కింద ఖాళీ సీసాలు చూసి, మావోడు గిన్ని తాగిండా అంది. తాగుబోతులం కాదమ్మా అన్నాను. శనివారం శనివారం ఒక్కో దేశం బీరో, యాపిల్ కల్లులాంటి సైడరో ఒకే సీసా తెచ్చి, ఇద్దరం పంచుకుని, పదికి మార్కులేసేవాళ్లం. అంతా నా పిచ్చే.

ఆమె తిట్టలేదు. గిండ్ల వానికి ఏది ఇష్టముండె బిడ్డా అని అడిగింది. ఆదివారం పెద్దకర్మ. వాడికి ఇష్టమైనవన్నీ, తాగేది కూడా, విస్తరి దగ్గర పెడతారట. కాకిని వాళ్లు పిట్ట అంటారు. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినరట. కనుక్కుని చెప్తానన్నాను. ఎవర్ని అడిగి కనుక్కుంటాను?

ఫిబ్రవరి 4, సాయంత్రం 7

తార్నాకలో దొరికినవి నాలుగు తెచ్చాను. మా ఇంట్లోనే, అమ్మ వంటింట్లో ఉంది. గది గడియ పెట్టుకున్నాను. జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం. ఐర్లాండ్ నల్లబీరు మాడిన కాఫీ. ఇంగ్లిష్ సైడర్ ఉత్త తీపి. స్పెయిన్ సైడర్ ముందు పులిసిన గంజి వాసన, తర్వాత పచ్చి యాపిల్ పులుపు. నా మార్కులన్నీ గుర్తున్నాయి. వాడు మాత్రం దేనికైనా ఏడే వేసేవాడు. అన్నీ మంచిగనే ఉన్నయ్ రా కృష్ణా అనేవాడు. నీకసలు నాలుకుందా అని తిట్టేవాణ్ని.

ఫిబ్రవరి 5

ఏడు. ఏడు. ఏడు. ఏం మనిషివిరా.

ఫిబ్రవరి 6, క్యాంపస్

నిరోష మా డిపార్ట్‌మెంటే, భూపాల్‌కి బాగా క్లోజ్. లైబ్రరీ మెట్ల మీద పట్టుకుని అడిగాను. నీకు నిజంగ తెల్వదా అంది. వాడికి బీరే పడదట. చేదు, కడుపుల తిప్పుతది అనేవాడట. సైడర్ కూడా అంతేనట. మరెందుకు పోతున్నవ్ అంటే, కృష్ణగాడు ఒక్కడే కూసుంటే మంచిగుండదు అన్నాడట.

మెట్ల మీదే ఏడ్చాను. జూనియర్లు చూశారు. చూడనీ. ఇప్పుడు బుచ్చవ్వకి ఏం చెప్పను?

ఫిబ్రవరి 8, ఆదివారం

లాలాపేట్‌లో భూపాల్ వాళ్లింటికి వెళ్లాను. నిజమే చెప్పాను. ఏదీ ఇష్టం లేదమ్మా, నా కోసం తాగేవాడు అన్నాను.

డాబా మీద విస్తరి వేశారు. బగారన్నం, మటన్. పక్కన ఖాళీ గ్లాసు. పావురాలొచ్చి కెలికాయి. అవి లెక్కలోకి రావట. ఒక్క కాకి తీగ మీద వాలి, చూసి, వెళ్లిపోయింది. వాళ్ల నాన్న సమ్మయ్య చేతులు జోడించి పిలుస్తూనే ఉన్నాడు. పోరనికి ఏదో కొదువున్నది అని చుట్టాలు గొణిగారు. మధ్యాహ్నం దాటింది. కింద పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

మిగతాది ఇవాళ రాయలేను.

ఫిబ్రవరి 9

నిన్న ఇక కాకి రాలేదు. బుచ్చవ్వ నా చెయ్యి పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెట్టింది. తిను బిడ్డా అంది. పోయినవాళ్లకి పెట్టిన మెతుకు మా ఇళ్లలో ఎవరూ ముట్టరు. తిన్నాను.

పిట్ట ముట్టిందని ఆమే కిందికి కేకేసింది.