అన్నిటికన్నా పైన ఉన్న గది

రాజకుమారి అక్కకి, వైజాగ్‌లో హోటల్ పదో అంతస్తు నుంచి నీ చెల్లెలు.

అండమాన్ నుంచి సౌమ్యా నేనూ క్షేమంగా చేరాం. ఇక్కడ రోడ్డు కనిపించే గదికంటే సముద్రం కనిపించే గదే ఖరీదట!

“అన్నిటికన్నా పైన ఉన్నది ఇవ్వండి” అన్నాను. నీళ్లకి అందకుండా ఉండాలని నా బాధ. కౌంటర్‌లో అమ్మాయి వ్యూ కోసం అనుకుంది. సౌమ్య ఆఫీసు పని మీద వచ్చినప్పుడల్లా ఇక్కడే దిగుతుంది కదా, దాని మెంబర్ కార్డు చూసి సముద్రం వైపు పెద్ద గది ఊరికే ఇచ్చేసింది.

“మమ్మీ, కిస్మత్ అంటే మనదే! చలో, పైకి పోదాం” అంది సౌమ్య. కాదనలేకపోయాను.

తెర తీస్తే గోడంతా సముద్రమే అక్కా. అలవాటు కొద్దీ నీళ్లు వెనక్కి పోతున్నాయేమోనని ముందు ఒడ్డే చూశాను. పోవడం లేదు. ఇంత ఎత్తుకి చప్పుడు కూడా రాదు. మా ఆయన్ని తీసుకుపోయిన సముద్రమేనా ఇది? కాఫీ చల్లారిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

చెప్పులూ కాగితాల సంచీ మాత్రం గుమ్మం దగ్గరే పెట్టుకుని పడుకున్నానులే.

సునామీ తర్వాత హోప్ టౌన్ ఇంట్లో సముద్రం వైపు కిటికీకి రేకు కొట్టించాను కదా. నేనొచ్చేలోగా వడ్రంగి ధనరాజు చేత దాన్ని తీయించు.