ముహూర్తానికి నాలుగు బ్రాంచీలు

అక్టోబర్ 28, సోమవారం

1998లో నేను పనిచేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని భానుప్రకాశ్ నాకొక మాట ఇచ్చాడు, నన్నడగకుండా ఏ క్లయింటుకూ తేదీ చెప్పనని. అప్పుడు నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్లో కూర్చుని ఉన్నాం. ఆ మాట పదకొండు రోజులు నిలిచింది. నేను తొమ్మిది నెలలు పడుతుందన్న పనికి క్లయింటు ముందు నాలుగు నెలలని చెప్పి, నా వైపు తిరిగి నవ్వాడు. పని వెనకబడితే చివరి నెలలో ఎనిమిది మంది కొత్తవాళ్లను పంపాడు. వాళ్లకు నేర్పడంతోనే ఆ నెల గడిచిపోయింది. ప్రాజెక్టు మునిగాక, తప్పెవరిదో తేలుస్తూ తయారైన రిపోర్టులో ఒక్క పేరే ఉంది. విద్యాసాగర్. నాది.

ఇదంతా ఇవాళ ఎందుకంటే, పై గదిలో కిరాయికుండే అనూహ్య ఏ కంపెనీలో పనిచేస్తోందో ఈరోజే తెలిసింది. భానుప్రకాశ్ కంపెనీ.

అక్టోబర్ 30, బుధవారం

నా భార్య కమల పోయి మూడేళ్లు. ఈ ఇంట్లో నాతో రోజూ మాట్లాడేది అనూహ్య ఒక్కతే. ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే నా ముందు గదిలో పది నిమిషాలు కూర్చుంటుంది.

తన ప్రాజెక్టు గురించి చెప్పింది. నాలుగు బ్రాంచీలున్న రక్తపరీక్షల సెంటర్ అట. శాంపిల్ తీయడం నుంచి రిపోర్టు ఇచ్చేదాకా అంతా సాఫ్ట్‌వేర్‌లోకి రావాలి. యజమాని పంతులు చేత ముహూర్తం పెట్టించాడు. నవంబర్ 15, కార్తీక పౌర్ణమి, ఉదయం 9:42. నాలుగు బ్రాంచీలూ ఒకేసారి. ఆమె మేనేజర్ ఉదయ్ కుమార్ మీటింగులోనే తలూపి, అయితది సార్ అన్నాడట. సూది పట్టుకుని రక్తం తీసేవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. మూడు వారాల టెస్టింగు మూడు రోజులకు కుదించారు. వారం వారం పంపే రిపోర్టులో తొంభై శాతం పూర్తి అని ఉంటుందట. ఐదు వారాలుగా తొంభై శాతమే.

ఈ తప్పుల మీద వచ్చిన పుస్తకాలు నా బీరువాలో రెండు అరల నిండా ఉన్నాయి. అన్నీ చదివాను. భానుప్రకాశ్ ఒక్కటీ చదవలేదు. కంపెనీ అతనికుంది.

నవంబర్ 3, ఆదివారం

చిక్కడపల్లి లైబ్రరీలో నాలుగు గంటలు. ఎవరూ పలకరించలేదు.

నవంబర్ 6, బుధవారం, సాయంత్రం 6:30

అనూహ్య ఇవాళ సూటిగా అడిగింది. ఇది పోతే తన ఉద్యోగం పోతుందని, ఉదయ్ కుమార్ ఆ మాట ముందే అనేశాడని చెప్పింది. తర్వాత, “మీరైతే ఏం చేస్తరు అంకుల్?” అంది.

నాకు తెలుసు. ముహూర్తానికి పూజ చేసి, నారాయణగూడ బ్రాంచి ఒక్కటి మొదలుపెట్టాలి. మిగతా మూడూ పాత రిజిస్టర్ల మీదే నడవాలి. యజమానికి ముహూర్తం దక్కుతుంది, తప్పులు ఒక్కచోటే బయటపడతాయి. చెప్పడానికి ఒక నిమిషం చాలు.

“ఏం పరేషాన్ కాకు, అయితది” అన్నాను.

ఒక్కసారి, ఒక్కసారైనా భానుప్రకాశ్ క్లయింటు ముందు తల దించుకుని నిలబడాలి.

నవంబర్ 11, సోమవారం

ఇంకా నాలుగు రోజులున్నాయి. పై గదికి పద్దెనిమిది మెట్లు. ఎక్కలేదు.

నవంబర్ 15, శుక్రవారం

చూడాలనిపించి నారాయణగూడ బ్రాంచికి వెళ్లాను. గుమ్మానికి అరటి పిలకలు, కంప్యూటర్‌కు కుంకుమబొట్టు. 9:42కు కొబ్బరికాయ కొట్టారు. పదింటికి అంతా ఆగిపోయింది, నాలుగు చోట్లా. రక్తం సీసాలకు అతికించే స్టిక్కర్లు రావడం లేదు. స్టిక్కర్ లేనిదే సూది గుచ్చరు. పాత రిజిస్టర్లను నిన్ననే మూటలు కట్టి ఎక్కడికో పంపేశారు.

పరగడుపున వచ్చినవాళ్లు నలభై మంది. అందులో షుగర్ ఉన్నవాళ్లెందరో. కవాడిగూడ నుంచి వచ్చిన ఆశమ్మ అనే ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని, “కంప్యూటర్ గూడ ఒక్కపొద్దున్నదా బిడ్డా?” అని అనూహ్యను అడిగింది. అందరూ నవ్వారు. కాసేపటికి ఆశమ్మకు కళ్లు తిరిగాయి. ఎవరో బెల్లంముక్క తెచ్చి నోట్లో పెట్టారు.

ఉదయ్ కుమార్ వచ్చి అందరి ముందూ అనూహ్య వైపు వేలు చూపించాడు. భానుప్రకాశ్ రాలేదు. ఇలాంటి రోజుల్లో అతను రాడు. ఆనాడూ రాలేదు. అది నాకెందుకు గుర్తు రాలేదు?

నవంబర్ 18, సోమవారం

రిపోర్టు తయారైందట. ఒక్క పేరే ఉందట. రాజీనామా రాయించుకున్నారు. అనూహ్య గుమ్మంలోనే నిలబడి చెప్పింది, కూర్చోలేదు.

అప్పుడు చెప్పాను, ఒక్క బ్రాంచితో మొదలుపెట్టి ఉండాల్సిందని. ఎందుకు చెప్పానో తెలియదు. తెలివి చూపించుకోవడానికే అయి ఉంటుంది.

ఆమె నా మొహంలోకి చూసింది. “ఇది మీకు ముందే తెలుసా అంకుల్?”

తెలుసన్నాను.

మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

డిసెంబర్ 1, ఆదివారం

పై గది ఖాళీ అయింది. చెప్పనిది నేనే. కానీ ఈ వయసులో కొత్తగా ఇంకొకరిని నిందించడం నా వల్ల కాదు.

తప్పు భానుప్రకాశ్‌దే.