సీల్ వేసిన సీసా

మార్చి 4, ఉదయం 6.40

పిల్లకి ఈ దద్దుర్లు ఎప్పట్నుంచి అని నిన్న డాక్టరు అడిగాడు. కొడుకు పది రోజులన్నాడు. కోడలు నెల దాటిందంది. మనవరాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వింది. ముప్పై ఒక్క ఏళ్లు కెమిస్ట్రీ ల్యాబు నడిపిన నా దగ్గర తేదీ లేదు. సిగ్గేసింది. అందుకే ఈ పుస్తకం.

ఇవాళ పిల్ల ఎడమ చేతికి పద్నాలుగు, కుడి చేతికి తొమ్మిది. గ్లాసులో పట్టిన కుళాయి నీళ్లు లేత పసుపు. గంట తర్వాత అడుగున తుప్పురంగు మడ్డి. నిన్న బాల్కనీ గ్రిల్లుకి కట్టిన తెల్లగుడ్డ వేలితో రాస్తే మసి. తాగేది ఫిల్టరు నీళ్లే, స్నానం మాత్రం కుళాయి నీళ్లతో.

నా అనుమానం వీధి చివరి రంగుల ఫ్యాక్టరీ మీద. దాని పొగ గొట్టం మా బాల్కనీకి ఎదురు, దాని మురుగు మా బోరుకి పక్క. కుండీల్లో ఆకుల అంచులు మాడుతున్నాయి. వెనక కాలవలో కప్పల అరుపు ఎప్పుడు ఆగిందో అదీ రాసిపెట్టుకోలేదు.

మార్చి 5

పసుపే. ఎడమ చేతికి పదహారు.

మార్చి 9, సాయంత్రం

మేం పెట్టిన ఫిర్యాదు మీద కాలుష్యం ఆఫీసు నుంచి నీళ్ల నమూనా పట్టుకెళ్లే సీసాలాయన వచ్చి వెళ్లాడట. ఫిర్యాదు రాసింది నేను, నలభై ఒక్క సంతకాలు పోగుచేసింది కింది వాటా టైలరమ్మ. వీధికంతా ఒకే బోరు కాబట్టి మా ఇంటి నీళ్లు చాలన్నాడట. ఆ సమయానికి నేను పిల్లతో ఆసుపత్రిలో ఉన్నాను. కోడలు ఒక్కతే ఇంట్లో ఉంది. పని అయిపోయింది అత్తయ్యా అంది. అంతకు మించి చెప్పలేదు.

మార్చి 21

రిపోర్టు వచ్చింది. నీళ్లు అన్ని విధాలా తాగడానికి యోగ్యమట. ఫిర్యాదు మూసేశారు. అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో తెలపాలట. ఫ్యాక్టరీ మేనేజరు దానికి జిరాక్సు తీయించి మా మెట్ల దగ్గరే అంటించాడు. టైలరమ్మ చదివి, అయితే మనకే కళ్లు పచ్చబడ్డాయన్నమాట పిన్నిగారూ అంది.

నా గ్లాసు అబద్ధం చెప్పదు. సీసాలాయన వాళ్లతో కుమ్మక్కయ్యాడు.

మార్చి 22

ఆఫీసుకి వెళ్లి అందరి ముందూ అడిగాను, సీసా ఎక్కడ మార్చావని. అతను గొంతు పెంచలేదు. అమ్మా, నేను కుళాయి దాకా వస్తేగా, బయటివాళ్లు వంటింట్లోకి రాకూడదని మీ కోడలుగారు గుమ్మం దగ్గరే ఆపేశారు, ఆవిడ నింపి ఇచ్చిన సీసాకే సీల్ వేశాను, అది నా పొరపాటే అన్నాడు.

ఆ నియమం నాదే. కానీ నింపింది కోడలు.

మార్చి 23

కోడలి తమ్ముడు జనవరిలో ఆ ఫ్యాక్టరీ స్టోర్సులో చేరాడు. ఇదివరకు నేను ఆ ఉద్యోగాన్నీ ఈ సీసానీ కలిపి చూడలేదు. సీసాలాయన పేరెత్తగానే కోడలి చేతిలోంచి గిన్నె మూత జారింది. ఉదయం 8.15. మళ్లీ ఆ పేరెత్తాను, 1.40కి. కొంగు సర్దుకుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయింది.

ఎడమ చేతికి పంతొమ్మిది. కన్నకూతురి చేతుల కన్నా తమ్ముడి ఉద్యోగం ఎక్కువైందా?

మార్చి 25

అడిగేశాను. తమ్ముడి కోసమే సీసాలో నీళ్లు మార్చావా అని. వాడు ఆ పొగకి గొంతు పట్టేసి నెల తిరక్కుండానే మానేశాడు అత్తయ్యా, మీరెప్పుడు అడిగారు కనుక అంది కోడలు.

తర్వాత నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి గోడ చూపించింది. అక్కడ ఆరేళ్లుగా అంటించి ఉన్న కాగితం, నా చేతిరాత: ఇంటికి వచ్చినవాళ్లకు ఫిల్టరు నీళ్లే ఇవ్వవలెను. అతను గుమ్మంలో నిలబడి మీ ఇంటి నీళ్లు ఒక సీసా ఇవ్వండమ్మా అన్నాడట. చెయ్యి అలవాటుగా ఫిల్టరు కిందకి పోయిందట. అతను మెట్లు దిగాక, అడిగింది కుళాయి నీళ్లేమోనని అనుమానం వచ్చిందట.

మరి నాకెందుకు చెప్పలేదన్నాను. పాలు పొంగినందుకే మూడు రోజులు మాట్లాడలేదు మీరు, ఇది చెబితే బతకనిస్తారా అంది. ఏడుస్తూనే అంది, కానీ తల దించుకోలేదు.

పాలు పొంగిన సంగతి నాకు గుర్తు లేదు. ఆమె తేదీతో సహా చెప్పింది.

మార్చి 26

ఎడమ చేతికి ఇరవై రెండు. గడువు ఇంకా పది రోజులు.

1. పొరపాటు మా ఇంట్లో జరిగిందని ఆఫీసుకి ఇవాళే రాయాలి. సంతకం నాది. కోడలి ప్రస్తావన వద్దు.

2. సీసాలాయనకి క్షమాపణ చెప్పాలి. అదే గదిలో, అందరి ముందూ.

3. సంతకాలు పెట్టిన నలభై ఒక్కమందికీ చెప్పాలి. టైలరమ్మకి చెబితే మిగతా నలభైమందికీ ఆవిడే చెబుతుంది.

4. ఈసారి అతను చెప్పులతోనైనా సరే వంటింట్లోకి వచ్చి తన చేత్తో కుళాయి తిప్పాలి.

5. అంతవరకూ పిల్లకి స్నానం ఫిల్టరు నీళ్లతో. బకెట్టు నిండడానికి రెండు గంటలు పడుతుంది. పట్టనీ.

6. గోడ మీది కాగితం కోడలు పీకాలి. నేను పక్కనే నిలబడి ఊరుకోవాలి.